మడల్లో పిట్టల లెక్కకు వెళ్తున్న మనవడికి

చి. వాసూ, ఆశీస్సులు.

సెలవు పెట్టి కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల వైపు నీటిపక్షుల లెక్కకు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంతో సంతోషం. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. నువ్వు రాసే అంకె ఆ వరసలో చేరుతుంది గనక కొన్ని సంగతులు చెప్తాను.

ముందు కాకినాడ రేవు పోటు పట్టిక చూసుకో. రోజుకు రెండు పోట్లు, ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పాటున, అంటే నీరు తీసినప్పుడు, పిట్టలు బురద మేటల మీద చెల్లాచెదురుగా మేస్తుంటాయి, లెక్క కుదరదు. నీరెక్కేకొద్దీ మేటలు మునిగి, మిగిలిన ఇసుక దిబ్బల మీదికి గుంపుగా చేరతాయి. అందుకని నిండు పోటుకు రెండు గంటల ముందే వెళ్ళి కూర్చో. ఆలస్యంగా వెళ్తే గుంపు లేచిపోతుంది. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి అవి కూడబెట్టుకుంటున్న కొవ్వు నీవల్ల వృథాగా కరుగుతుంది.

మన ఒడ్డుకు సముద్రం తూర్పున. పొద్దున ఎండ కళ్ళలో కొట్టి పిట్టలన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. వీలైతే మధ్యాహ్నం పోటు పడే రోజులు ఎంచుకోమని మీవాళ్ళతో చెప్పు.

పెద్ద గుంపుని చూసి కంగారుపడకు. ముందు ఓ పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టు. ఆ పదీ ఎంత మేర ఉన్నాయో కంటితో పట్టుకుని, అదే కొలతను గుంపు పొడుగునా జరుపుకుంటూ పో. అంచున పలచగా, నడుమ చిక్కగా ఉంటాయి కాబట్టి నడుమకు మళ్ళీ కొలత తీసుకో. ఈ పని చేయకే కొత్తవాళ్ళు తక్కువ రాస్తారు. ముగ్గురుంటే ఒకరి అంకె ఒకరికి చెప్పుకోకుండా విడివిడిగా రాయండి. గుంపు ఎగిరితే గంట, దిక్కు రాసుకో, లేకపోతే పక్క దిబ్బ దగ్గర మళ్ళీ లెక్కలోకి వచ్చేస్తాయి.

వంపు ముక్కు పిట్టకు తల మీద చారలుంటే విమ్బ్రెల్, ముక్కు మరీ పొడుగ్గా ఉండి చారలు లేకపోతే కర్లూ. గాడ్విట్ ఎగిరినప్పుడు రెక్కలో తెల్లపట్టీ, తోక చివర నలుపు కనిపిస్తే నల్లతోకది. చలికాలపు శాండ్ ప్లోవర్లు మాత్రం అనుభవజ్ఞులనే తికమక పెడతాయి. తేల్చుకోలేకపోతే 'శాండ్ ప్లోవర్, జాతి తెలియదు' అని రాయి. ఊహించి రాసిన పేరు కంటే ఆ మాట పరిశోధకులకు ఎక్కువ పనికొస్తుంది. కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోటు వైపు ఇండియన్ స్కిమ్మర్లు కనిపించవచ్చు. కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు, పొరబడవు. పరిశోధకులు గుర్తుగా కాలికి కట్టిన ప్లాస్టిక్ జెండా ఉన్న పిట్ట కనిపిస్తే రంగు, ఏ కాలు, మోకీలుకు పైనా కిందా, దాని మీది అక్షరాలు అన్నీ రాసుకో.

పెన్సిలే వాడు, తడి తగిలితే పెన్ను సిరా పారిపోతుంది. 8x42 బైనాక్యులర్ చాలు, టెలిస్కోపు బృందానికి ఒకటుంటే సరి. ఉప్పు గాలికి అద్దాలు మసకబారతాయి. మంచినీళ్ళతో తడిపిన మెత్తటి గుడ్డతో ముందు అద్ది, తరవాత తుడువు.

బురదలో పొడుగు రబ్బరు బూట్లు వద్దు, కాలొస్తుంది గానీ బూటు రాదు. తాళ్ళు బిగించే కాన్వాసు బూట్లు వేసుకో. ఉత్త కాళ్ళతో దిగితే ఆలిచిప్పలు కోస్తాయి, మడ శ్వాసవేళ్ళు గుచ్చుకుంటాయి. మోకాలిదాకా దిగబడితే ఒక్క కాలే లాగకు, వెనక్కి వాలి బరువు పరుచుకుని మెల్లగా తీసుకో. ఊరి మత్స్యకారుడు తోడు లేనిదే అడుగు పెట్టొద్దు. తిల్ల చెట్టు కొమ్మ విరవకు, దాని పాలు కంట్లో పడితే చూపే పోవచ్చు. పొరపాటున పడితే వెంటనే మంచినీళ్ళతో బాగా కడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్ళు.

అభయారణ్యంలోకి అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి, దాని నకలు పడవలో కూడా ఉంచు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి, మేటల మీద నీడన్నది దొరకదు.

తాతయ్య