అప్‌డేట్ తర్వాత ముప్పై కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: నాది 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు, కొని రెండేళ్లయింది. ఏప్రిల్‌లో సర్వీసుకు ఇస్తే అడక్కుండానే ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. అంతకుముందు ఫుల్ చార్జ్‌కి 285 కిలోమీటర్లు చూపించేది, ఇప్పుడు 254. హైదరాబాద్ చేరేసరికి 25 శాతం మిగిలేది, మొన్న వెళ్తే 9 మిగిలింది. చివరి గంట ఏసీ ఆపేశాం, వెనక సీట్లో మా అత్తగారు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "నార్మలే సార్" అంటున్నారు. మోసం చేశారంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు మీ అత్తగారికి నా సానుభూతి. ఇక లెక్కలోకి వద్దాం. స్క్రీన్ మీద కనిపించే కిలోమీటర్లు బ్యాటరీని కొలిచి చెప్పేవి కావు. బ్యాటరీలో ఎంత ఉందో చూసి, ఈ మధ్య మీరు కిలోమీటరుకు ఎంత వాడారో చూసి, ఆ రెండిటినీ భాగించి వేసే అంచనా. కొన్ని కార్లలో అప్‌డేట్ పడితే ఆ పాత వాడకం లెక్క చెరిగిపోతుంది, కారు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. అదీగాక ఏప్రిల్‌లో ఖమ్మం ఎండలో ఏసీ ఎంత లాగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

285 నుంచి 254 అంటే 11 శాతం తగ్గింది. నిజంగానే కంపెనీ బ్యాటరీని అంత కత్తిరించిందనుకున్నా, హైదరాబాద్‌లో మీకు 16 శాతం మిగలాలి. మిగిలింది 9. అంటే ఆ తేడా మొత్తం సాఫ్ట్‌వేర్ మీదికి నెట్టలేం. సూర్యాపేట దాటాక హైవే మీద ఎంత స్పీడులో పోయారో, టైర్లలో గాలి ఎంత ఉందో గుర్తు చేసుకోండి.

అలాగని కంపెనీ చేతులు కడిగేసుకోవడానికీ లేదు. తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. చార్జింగ్ ప్లగ్‌కి విడిగా సబ్ మీటర్ పెట్టించండి, కారు 20 శాతానికి వచ్చాక రాత్రి పెట్టి 80 దగ్గర ఆపి మీటర్ చూడండి. 40లో 60 శాతం అంటే 24 యూనిట్లు, చార్జింగ్‌లో వేడిగా పోయేది పదో వంతు కలిపితే మీటర్ 26 పైన చూపించాలి. అలా చూపిస్తే మీ బ్యాటరీ క్షేమం, మారింది స్క్రీన్ మీద అంకె. 24 దగ్గరే ఆగిందంటే మాత్రం, పైన కొంత జాగా తాళం వేసేసి మిగిలినదాన్నే వంద శాతం అంటున్నారని అనుమానించాల్సిందే. ఒక్క రాత్రితో తేల్చేయకండి, మూడుసార్లు చూడండి.

ప్రశ్న: కొత్త కారు తీసుకుందామంటే డాలస్‌లో ఉండే మా అబ్బాయి వద్దంటున్నాడు. రాత్రికి రాత్రి అప్‌డేట్ పంపి రేంజ్ (ఒక చార్జ్‌కి వెళ్లే దూరం) కోసేస్తారట. నిజంగా ఎక్కడైనా జరిగిందా, వాట్సాప్ కబురా?
– ఒక రిటైర్డ్ లెక్చరర్, తెనాలి

జవాబు: జరిగిందండీ, మీ అబ్బాయి చెప్పింది కబురు కాదు. 2019 వసంతంలో టెస్లా కార్లు ఒకటి రెండు నిలబెట్టిన చోటే కాలిపోయాయి, ఒకటి షాంఘైలో, ఒకటి హాంకాంగ్‌లో. వెంటనే మే నెలలో ఆ కంపెనీ మోడల్ ఎస్, ఎక్స్ కార్లకు అప్‌డేట్ పంపింది. కొన్ని పాత మోడల్ ఎస్ కార్లలో గరిష్ఠ వోల్టేజి దాదాపు 10 శాతం తగ్గింది, నిద్రలేచేసరికి రేంజ్ పడిపోయింది. యజమానులు కోర్టుకెళ్లారు. 2021లో 15 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, 1,743 కార్లకు తలా 625 డాలర్లు. ఈలోగా చాలా కార్లకు మరో అప్‌డేట్‌తో వోల్టేజి తిరిగి ఇచ్చారు కూడా. నాకు తప్పనిపించేది కత్తిరించడం కాదు. అగ్గి భయం ఉంటే కత్తిరించాల్సిందే, కానీ ఆ మాట కారు యజమానికి ముందు చెప్పాలి కదా.

జనరల్ మోటార్స్ ఈ విషయంలో కొంత నయం. 2020 నవంబరులో బోల్ట్ ఎలక్ట్రిక్ కార్లను మంటల భయంతో రీకాల్ చేసినప్పుడు, చార్జింగ్ 90 శాతం దాటకుండా సాఫ్ట్‌వేర్ పెడుతున్నామని బాహాటంగానే చెప్పింది. అది సరిపోలేదు, మరుసటి ఏడాది బ్యాటరీలే మార్చాల్సి వచ్చింది. హ్యుందాయ్ కోనా కథా ఇంతే: ముందు సాఫ్ట్‌వేర్‌తో సరిపెడదామనుకున్నారు, అప్‌డేట్ చేసిన కారే 2021 జనవరిలో కొరియాలో కాలింది, ఆ తర్వాత ప్రపంచమంతటా 82 వేల వాహనాలకు బ్యాటరీలు మార్చడానికి సిద్ధపడ్డారు. మన దేశంలోనూ 456 కోనాలను వెనక్కి పిలిచారు. లోపం బ్యాటరీలోని సెల్ లోపల ఉంటే సాఫ్ట్‌వేర్ కాపలా కాస్తుందేగానీ వైద్యం చేయదు.

ఇంకో వైపూ చూడండి. 2017లో ఇర్మా తుపాను వస్తుంటే ఫ్లోరిడా నుంచి జనం తరలిపోవడానికి టెస్లా 60 యూనిట్ల బ్యాటరీ అని అమ్మిన కొన్ని కార్ల తాళం తాత్కాలికంగా తీసింది. వాటిలో ఉన్నది అసలు 75 యూనిట్ల బ్యాటరీ, తక్కువ ధరకు అమ్మి తక్కువే వాడనిచ్చారు. మేలే చేశారు, కాదనను. కానీ తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసిపోయింది. కారు కొనుక్కోండి, ఇది తెలిసి కొనుక్కోండి.

ప్రశ్న: రోజూ 80 దగ్గర ఆపమని ఒకరు, 100 పెట్టమని ఒకరు. అప్‌డేట్ అయ్యాక మాకు 18 శాతం నుంచి ఒక్కసారిగా 9కి దూకింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీయేమో మాన్యువల్‌లో చూడండి. ఆ రకంలో చార్జ్ సగమున్నా పావున్నా వోల్టేజి ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది, ఎంత మిగిలిందో కారుకు తెలియదు, గుడ్డి లెక్క వేస్తూ పోతుంది. అప్పుడప్పుడు వంద దాకా పెడితేనే ఆ లెక్క సరిపడుతుంది, వారానికోసారి అనుకోండి. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమైతే రోజూ 80 చాలు, ఊరెళ్లే ముందు 100. రెండు మూడుసార్లు ఫుల్ పెట్టినా అంకె అలా దూకడం ఆగకపోతే సెల్స్ చూపించండి.

ప్రశ్న: అప్‌డేట్ వద్దనే హక్కు మనకు లేదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: భద్రత కోసం వచ్చేదాన్ని వద్దనకండి. మిగతావాటికి, సర్వీసుకు ఇచ్చేటప్పుడే వెర్షన్ నంబర్ స్క్రీన్‌ని ఫొటో తీసుకోండి, "చెప్పకుండా సాఫ్ట్‌వేర్ మార్చవద్దు" అని జాబ్ కార్డు మీద రాయించండి. బ్యాటరీ హెల్త్ రిపోర్టు ప్రింటు అడగండి. మన దగ్గర చాలా కార్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, అయితే హెల్త్ ఎంతకు పడితే మారుస్తారన్నది ఆ పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ప్రశ్న: తిరుమలలో ఫుల్ చార్జ్ పెట్టుకుని ఘాట్ దిగుతుంటే బ్రేకింగ్ చార్జింగ్ (కారు నెమ్మదించేటప్పుడు బ్యాటరీలోకి కరెంటు తిరిగెక్కడం) పని చేయలేదు. అప్‌డేట్ వల్ల పోయిందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నిండిన బిందెలో నీళ్లెక్కడ పోస్తారండీ? బ్యాటరీ నిండుగా ఉంటే చాలా ఎలక్ట్రిక్ కార్లు అలాగే చేస్తాయి, అప్‌డేట్ తప్పేం లేదు. 1,700 కిలోల కారు 700 మీటర్లు దిగితే 3 యూనిట్ల శక్తి విడుదలవుతుంది, అందులో రెండు దాకా తిరిగి రావచ్చు. కొండ మీద 90 దగ్గర ఆపేయండి, 40 యూనిట్ల బ్యాటరీ అయితే అలిపిరి వచ్చేసరికి 95 దాకా చూపించవచ్చు. ఇప్పటిదాకా ఆ భారమంతా బ్రేకులే మోశాయి కాబట్టి ప్యాడ్లు ఒకసారి చూపించుకోండి.