రిపోర్టులో ‘పీడీడీ’ అని ఉంది.. అది ఆటిజమేనా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు నిండాయి. పిలిస్తే పలకడు. ఫోన్‌లో విన్న ఏబీసీడీలు, రైమ్స్ గడగడా చెబుతాడు. దాహమేస్తే మాత్రం అడగడు, నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళతాడు. ఒక డాక్టర్ ‘పీడీడీ-ఎన్‌ఓఎస్’ అని రాశారు, మరొకరు ఆటిజం అన్నారు. వస పోయకపోవడం వల్లే ఇలా అయిందని మా అత్తగారి నమ్మకం. మా మరిది కూడా నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదట. అతనికిప్పుడు 27, ఎవరితోనూ కలవడు. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: ఇద్దరు డాక్టర్లూ చెప్పింది ఒకటేనమ్మా. మాట, కలివిడితనం, ఆట అన్నింటా ఎదుగుదల తేడాగా ఉంటే గతంలో పీడీడీ (పర్వేసివ్ డెవలప్‌మెంటల్ డిజార్డర్) అనేవారు. ఆటిజం, ఆస్పర్జర్స్, రెట్ సిండ్రోమ్ లాంటివి అందులో భాగం. లక్షణాలున్నా వాటిలో దేనికీ పూర్తిగా సరిపోకపోతే ఎన్‌ఓఎస్ అని రాసేవారు. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల వర్గీకరణ మారాక, జన్యుకారణం తేలిన రెట్‌ను పక్కనపెట్టి మిగతావన్నీ ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-10 కోడ్లు వాడేచోట ఎఫ్84 పక్కన పాత పేరు ఇంకా కనిపిస్తుంది. ‘ఎన్‌ఓఎస్ అంటే కొంచెమే కదా, పెద్దయ్యాక అదే పోతుంది’ అనుకుని ఏడాది పోగొట్టుకోవడమే అసలు నష్టం.

వస పోయకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఇప్పుడు నాకించినా మాటలు రావు, వాంతులు కావచ్చు. మీ పెంపకం లోపమూ కాదు. జన్యువుల పాత్ర ఎక్కువ కాబట్టి మరిది సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ముందు బెరా పరీక్షతో వినికిడి చూపించండి. రైమ్స్ చెబుతున్నాడు కదా అని ఇది వదిలేయొద్దు, కొన్ని స్థాయుల శబ్దాలే వినిపించే పిల్లలూ ఉంటారు. అందరికీ ఎమ్మారై అక్కర్లేదు. ఫిట్స్ వచ్చినా, వచ్చిన మాటలు పోయినా మెదడు తరంగాలు చూసే ఈఈజీ అవసరం కావచ్చు. నిద్ర సరిగా పట్టకపోయినా, ఒకటి రెండు రకాల తిండే తింటున్నా ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూడాలి. జిల్లా ఆసుపత్రుల్లోని డైస్ (చిన్నారుల సత్వర చికిత్సా) కేంద్రాల్లో పిల్లల ఎదుగుదలను ఉచితంగా పరీక్షిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ)లోనూ సేవలున్నాయి.

థెరపీ సెంటర్‌లో వారానికి రెండు గంటలతో పని జరగదు. మిగతాది ఇంట్లోనే. బిడ్డను లోపలికి పంపి మిమ్మల్ని బయట కూర్చోబెడితే, లోపలికి రానివ్వమని అడగండి. వచ్చే మూడు నెలల లక్ష్యాలు రాయించుకోండి. ‘మాటలు రావాలి’ అని కాదు, ‘కావలసిన వస్తువును రోజుకు ఐదుసార్లు వేలితో చూపించాలి’ అన్నట్టు కొలవగలిగేలా ఉండాలి.

ఇంట్లో రోజుకు మూడు నాలుగుసార్లు, పది నిమిషాల చొప్పున ఇలా చేయండి. టీవీ, ఫోన్ ఆపేసి బాబు కళ్లకు ఎదురుగా నేలమీద కూర్చోండి. ఇష్టమైన తినుబండారం, తాను తెరవలేని పారదర్శకమైన డబ్బాలో పెట్టి ముందుంచండి. ఏమీ అనకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. మీవైపు చూసినా, డబ్బా మీ చేతిలో పెట్టినా, ఏదో శబ్దం చేసినా వెంటనే ‘బిస్కెట్’ అని ఒక్కమాట చెప్పి చిన్న ముక్క ఇవ్వండి. బిందె దగ్గరా అంతే. మీ చెయ్యి లాగినప్పుడు బాబు చూపుడువేలిని మెల్లగా గ్లాసువైపు పెట్టించి, ‘నీళ్లు’ అని ఇవ్వండి. చాలా ఇళ్లలో ఇది రెండుచోట్ల చెడుతుంది. అడగకముందే అమ్మమ్మో నాన్నమ్మో అన్నీ అందించేస్తారు, లేదంటే ‘ఇదేంటి? చెప్పు, చెప్పు’ అని పరీక్ష పెడతారు. రెండోదానికి పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు. తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. మీకు సహజంగా వచ్చే భాషే మంచిది. ఫోన్ ఆటిజానికి కారణం కాదు గానీ, ఎదుటి మనిషితో గడపాల్సిన సమయాన్ని మింగేస్తుంది.

ఆటిజాన్ని తగ్గించే మందు లేదు. రిస్పెరిడోన్ లాంటివి తీవ్రమైన చిరాకు, తనను తాను కొట్టుకోవడం వంటివాటికే, అదీ నిపుణుల పర్యవేక్షణలో. స్టెమ్‌సెల్స్, ఎక్కువ పీడనంతో ఇచ్చే హైపర్‌బారిక్ ఆక్సిజన్, శరీరంలోంచి లోహాలు తీసేసే కీలేషన్‌ల కోసం పొలాలు అమ్ముకోవద్దు. కీలేషన్ ప్రాణాలకే ముప్పు.

ఇక మీ మరిది. ఎవరితోనూ కలవకపోవడం ఒక్కటే చూసి ఆటిజం అనలేం. ఆందోళన, డిప్రెషన్ కూడా కావచ్చు, అన్నీ కలిసీ ఉండొచ్చు. ముందు అతనికి ఇష్టమేనా అని అడగండి. ఒప్పుకుంటే, చిన్నప్పుడు ఎలా ఉండేవాడో తెలిసిన మీ అత్తగారిని వెంటబెట్టుకుని సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. మూడేళ్లలోపు ముచ్చట్లే ఇక్కడ కీలకం. ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అనే సలహా మాత్రం వినకండి, ఇంకో అమ్మాయి జీవితం కూడా ఇందులో ఉంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ కోసం ఆటిజం తీవ్రతను కొలిచే ‘ఇసా’ స్కేలులో 40 అంశాలుంటాయి. స్కోరు 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. బాబుకు యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు కోసం దరఖాస్తు చేయండి, థెరపీ మాత్రం కార్డు వచ్చేదాకా ఆపొద్దు.