గ్లాండన్ గురించి రెండు వాక్యాలు

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీర్వదించి రాయునది.

ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల మీద ఒక్క రోజులో తొక్కే లా మార్మోట్ సైకిల్ పందెం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. ఒకసారి వరసగా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. పద్నాలుగు పేజీల్లో తొమ్మిది పేజీలు చివరి కొండ ఆల్ప్ డ్యుయెజ్ ఎక్కడానికే ఇచ్చావు. ఇరవై ఒక్క మలుపులు, మలుపు మలుపుకూ ఒక బాధ. పిక్క పట్టేయడం, కళ్లు బైర్లు కమ్మడం, పద్నాలుగో మలుపు దగ్గర గోడ మీద కూలబడి ఏడవడం. పొద్దున ఎక్కిన మొదటి కొండకు మాత్రం రెండే వాక్యాలు: "గ్లాండన్ కనుమ అనుకున్నదానికంటే తేలిగ్గా ఎక్కేశాను. పైన నీళ్లు పట్టుకుని బయల్దేరాను."

ఈ ఉత్తరం ఆ రెండు వాక్యాల గురించే.

చివరి పేజీలో నువ్వు వేసిన సమయాల పట్టిక నాకు దారి చూపింది. గ్లాండన్ పైకి ఒక గంట నలభై ఐదు నిమిషాలు. ఆల్ప్ డ్యుయెజ్ పైకి, ఆగిన సమయంతో కలిపి, రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇప్పుడు ఎత్తులు చూడు. నువ్వు బయల్దేరిన బూర్ ద్వాజాన్ ఊరు సుమారు 720 మీటర్ల ఎత్తున ఉంది. గ్లాండన్ కనుమ 1,924 మీటర్లు. ఆల్ప్ మీద గమ్యం దాదాపు 1,850. రెండు కొండలకూ పాదం ఒకే లోయ. ఎత్తులోనూ దూరంలోనూ పొద్దున ఎక్కిందే పెద్దది. చిన్న కొండకు ముప్పై ఐదు నిమిషాలు ఎక్కువ ఎందుకు పట్టింది? దీనికి జవాబు నీ తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు. వ్యాసంలో ఉండవలసింది ఆ జవాబే.

మన ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ 1,700 మీటర్లు దాటిన శిఖరం ఒక్కటీ లేదు. అరకు ఘాట్ మీద తొక్కి తొక్కి సిద్ధమైన అమ్మాయివి, అంతకన్నా ఎత్తయిన కనుమను తేలిగ్గా ఎక్కేశానని రాశావు. తేలికగా అనిపించింది నిజమే. ఆ వేళప్పుడు ఎవరికైనా అలాగే ఉంటుంది. రాత్రి కడుపు నిండా తిన్నావు, బాగా నిద్రపోయావు, గాలి చల్లగా ఉంది, చుట్టూ వేలమంది ఉన్నారు. ఒంట్లో ఉన్నదంతా అప్పుడు చేతికి అందుతుంది.

లా మార్మోట్ 1982లో మొదలైనప్పటి నుంచీ దాని కష్టమంతా ఆ మొదటి రెండు గంటల్లోనే దాగి ఉందని నేను నమ్ముతాను. మొత్తం దూరం సుమారు 175 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు దాదాపు 5,000 మీటర్లు. కండరాల్లో, కాలేయంలో మనం దాచుకున్న పిండిపదార్థం రెండు వేల కేలరీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ రోజుకు కావలసింది దానికి రెట్టింపు పైమాటే. మిగతాది ఒంట్లోని కొవ్వు నుంచి, దారిలో తిన్నదాని నుంచి రావాలి. నిదానంగా తొక్కినంతసేపు శరీరం కొవ్వును బాగా వాడుకుంటుంది. ఆయాసపడే వేగం అందుకోగానే దాచుకున్నదాని మీద పడుతుంది. పొద్దున ఎనిమిదింటికి పక్కవాళ్లను దాటడానికి ఖర్చు చేసినది సాయంత్రం నాలుగింటికి వెతుక్కుంటే దొరకదు. గ్లాండన్ మీద నువ్వు మిగుల్చుకున్నది మహా అయితే పావుగంట. ఆల్ప్ మీద దానికి చక్రవడ్డీ కట్టావు.

నేను ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అలాగే కట్టాను. రెండోసారి వెళ్లేటప్పుడు చిన్నప్పుడు బడిలో వల్లించిన ఒక ఆటవెలది పద్యాన్ని వెంట తీసుకెళ్లాను. పాదానికి ఒక ఊపిరి చొప్పున నాలుగు పాదాలూ పైకి చదవగలిగితే నా వేగం సరైనదే. యతి దగ్గరే ఊపిరి తెగితే ఒక గేరు తగ్గించుకోవాలి. గ్లాండన్ పొడవునా ఆ పద్యం చదువుకుంటూనే ఎక్కాను. పక్కన తొక్కుతున్న ఒక పెద్దాయన అది ప్రార్థన అనుకున్నట్టున్నాడు, కాసేపు మాట్లాడకుండా నా వెంటే వచ్చి, తల వంచి నమస్కరించి ముందుకు సాగిపోయాడు. తర్వాత వచ్చే టెలిగ్రాఫ్ కనుమ మీద ఒక పాదానికి రెండు ఊపిరులు పట్టాయి. ఆ తర్వాతి గాలిబియే కనుమ మీద పద్యం పోయి పదాలు మిగిలాయి. ఆల్ప్ మీద మళ్లీ పాదాలు వచ్చాయి. ఆ రోజు నేను ఆ కొండ మీద ఎక్కడా ఆగలేదు.

నీకూ అలాంటి కొలత ఒకటి కావాలి. సైకిల్‌కు బిగించిన మీటరు మీద అంకె చూసుకుంటే తప్పు లేదు. కానీ ఎదుటివాళ్లు దాటిపోతున్నప్పుడు అంకెను పట్టించుకోకుండా ఉండటం సులువు. నోట్లో పద్యం తెగిపోతే మాత్రం చెవికి వినిపిస్తుంది.

ఇక రాత సంగతి. అల్మోన్ ఊరి దగ్గర వెర్నే జలాశయం గట్టు ఎక్కావు. కనుమకు ముందు గ్రాన్ మెజోన్ జలాశయం పక్కనుంచి వెళ్లావు. ఈ రెండింటి మధ్య పనిచేసే పంప్డ్ స్టోరేజీ విద్యుత్కేంద్రం 1,800 మెగావాట్లది, ఫ్రాన్సులో అలాంటి వాటిలో అతి పెద్దది. కరెంటు అవసరం తక్కువగా ఉన్న వేళ కింది నీళ్లను పైకి తోడిపోసి, అవసరం పెరిగినప్పుడు కిందికి వదులుతారు. మన నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో వెనక్కి తిరిగే టర్బైన్లు చేసే పనీ ఇదే. నువ్వు తొక్కినది ఆ నీళ్లు ఎక్కే కొండనే. నీ వ్యాసంలో ఆ రెండు జలాశయాలూ లేవు. ఎందుకు లేవో ఆలోచించాను. ముందు వెళ్లేవాళ్ల వెనక చక్రం తప్ప ఇంకేదీ కనిపించనంత వేగంగా వెళ్లావు, అందుకే లేవు. అలా అయితే ఆ చక్రం గురించే రాయాల్సింది. అది ఎవరి చక్రం?

ఫోనులో చెప్పావు కదా, నీతో కలిసి వచ్చిన స్నేహితుడు మొదటి మెరక దగ్గరే ముందుకు వెళ్లిపోయాడని, వెనకబడితే రేపు ఆఫీసులో తలెత్తుకోలేనని అనిపించిందని. ఇంత మాట నాతో చెప్పి కాగితం మీద ఎందుకు పెట్టలేదు? తొమ్మిది పేజీల ఏడుపు చదివితే పాఠకుడికి జాలి కలుగుతుంది. నువ్వు అతని వెనక చక్రం చూస్తూ, ఒళ్లు వద్దంటున్నది విని కూడా, గేరు మార్చిన ఆ ఒక్క క్షణం చదివితే గుండె జారుతుంది. ఎందుకంటే ముందు ఇంకా మూడు కొండలున్నాయని పాఠకుడికి తెలుసు. ఆ క్షణానికి ఒక పేజీ ఇవ్వు. రెండు ఇచ్చినా ఎక్కువ కాదు.

గంటన్నర సేపు ఏమీ జరగని ఎక్కుడును ఎలా రాయాలని అడుగుతావని తెలుసు. మన భాషలో అసమాపక క్రియ ఉంది. అది వాక్యాన్ని ముగియనివ్వకుండా ఎంత దూరమైనా లాక్కుపోతుంది. మలుపు తిరిగి, ఇంకో మలుపు చూసి, నీళ్ల సీసా అందుకుని, రెండు గుక్కలు తాగి, మళ్లీ దాని చోట పెట్టి, ఎడమ పక్కనుంచి వంద చైన్ల చప్పుడు దాటిపోతుంటే వింటూ, వాటి వెంట వెళ్లాలన్న కోరికను అరచేతుల్లో నొక్కిపట్టి తొక్కుతూ... ఇలా రాస్తే కొండ ఎంత పొడవుందో చదివేవాళ్ల ఊపిరికే తెలుస్తుంది. నువ్వు దీన్ని తలకిందులు చేశావు. గ్లాండన్‌కు రెండు పొట్టి వాక్యాలు రాసి, ఊపిరి అందని ఆల్ప్ మీద అరపేజీ పొడవు వాక్యాలు నడిపావు. ఊపిరి అందనివాళ్లు అంత పొడవుగా మాట్లాడలేరు. అక్కడ వాక్యాలు విరిచెయ్. మూడు మాటలు, ఆపు. రెండు మాటలు, ఆపు.

ఒక చోట మాత్రం పెన్సిల్ పక్కన పెట్టేశాను. మొరియెన్ లోయలో, ఆర్క్ నది పక్కన, గుంపు వెనక తొక్కుతున్నప్పుడు ముందువాడి వీపు మీద ఉప్పు చార "ఆరిపోయిన ఉప్పుమడి అంచులా తెల్లగా, వంకరగా" కనిపించిందని రాశావు. ఆ వాక్యంలో ఒక్క అక్షరం మార్చకు. గుంపులో ఉంటే గాలి తగ్గి శ్రమ పావువంతు దాకా కలిసొస్తుందని పక్క పేరాలో వివరించావు. అదీ ఉండనివ్వు, ఎందుకంటే అలా కాసేపు తేలిక పడ్డందువల్లే నీకు ఆ చారను చూసే తీరిక దొరికింది.

గాలిబియే దగ్గర చరిత్ర మొత్తం ఎత్తిరాశావు. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ 1911లో మొదటిసారి ఆ కనుమ ఎక్కడం, ఎమిల్ జోర్జే ముందుగా పైకి చేరడం, దక్షిణం వైపు సొరంగం దగ్గర అన్రి దెగ్రాంజ్ స్మారకం. నాకైతే దెగ్రాంజ్ ఒక్కడు చాలు. ఆయన పత్రికా సంపాదకుడు. 1903లో ఆ పోటీ పుట్టిందే ఆయన పత్రిక అమ్మకాలు పెంచడానికి. రాసేవాళ్ల కోసం పుట్టిన పోటీ అన్నమాట. మిగతా పేర్లు తీసెయ్. ఆల్ప్ మీద మలుపు మలుపుకూ విజేతల పేర్లతో ఉన్న బోర్డులన్నీ కూడా అక్కరలేదు. నువ్వు కూర్చుని ఏడ్చిన చోట ఉన్న బోర్డు ఒక్కటి చాలు. గాలిబియే పైన 2,642 మీటర్ల ఎత్తున గాలి ఎంత పలచగా ఉంటుందో మాత్రం ఇంకా దగ్గరగా చూపించు. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో కన్నా పావువంతు తక్కువ. విశాఖలో పుట్టి పెరిగినదానివి, ఆ తేడా నీ గొంతుకు తెలిసే ఉంటుంది.

వచ్చే ఏడాది మళ్లీ వెళ్తానంటున్నావు కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు. వెనక చక్రానికి 34 పళ్ల తేలిక గేరు వేయించుకో, సిగ్గుపడకు. మొదటి అరగంటలోనే తినడం మొదలుపెట్టి గంటకు అరవై గ్రాముల పిండిపదార్థానికి తగ్గకుండా చూసుకో. ఆకలి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. గ్లాండన్ దిగే సమయాన్ని నిర్వాహకులు లెక్కలోంచి తీసేసేది ప్రమాదాలు తగ్గించడానికి. అక్కడ తొందరపడి గెలుచుకునేది ఏమీ లేదు, నిదానంగా దిగు. మొరియెన్ లోయలో ఒంటరిగా తొక్కకు, గుంపు దాటిపోతే వెనక వచ్చేదాని కోసం ఆగు. వల్వార్ దాటి ప్లాన్ లషా వంతెన దగ్గర కుడికి తిరిగాక అసలు గాలిబియే మొదలవుతుంది. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు. అప్పటికి నీ దగ్గర ఇంకా ఏదో మిగిలి ఉండాలి. లోతారే కనుమ మీదుగా దిగేటప్పుడు చేతులు బిగుసుకుపోతాయి, గాలి ఆపే చొక్కా వేసుకో, లా మేజ్ హిమశిఖరాన్ని ఒకసారి తలెత్తి చూడు, సొరంగాల్లోకి వెళ్లే ముందు దీపం వేసుకో. ఆల్ప్ కింద మొదటి మలుపులు, లా గార్డ్ ఊరు దాకా, అన్నిటికన్నా నిటారు. అక్కడ ఇక నావల్ల కాదనిపిస్తే ఆ మాట నమ్మకు. ఊరు దాటాక మళ్లీ ఆలోచించు.

ఇంకొక్క విషయం. మీ అమ్మ పంపిన నువ్వుల ఉండలు ఆరు, చిన్న కవరులో వేసి వెనక జేబులో పెట్టుకున్నానని రెండో పేజీలో రాశావు. తర్వాత వాటి మాటే లేదు. అడిగితే ఫోనులో చెప్పావు. రాత్రి గదిలో జెర్సీ విప్పేసరికి ఆరూ కలిసిపోయి ఒకే ముద్దయి ఉన్నాయట. రోజంతా ఒక్కటీ నోట్లో వేసుకోలేదట. మంచం అంచున కూర్చుని, పతకం మెడలో ఉండగానే, ఆ ముద్దను కవరు నుంచి గోళ్లతో ఊడదీసుకుని మొత్తం తిన్నావట. నీ వ్యాసం గమ్యం గీత దగ్గర ఆగిపోయింది. దాన్ని ఇంకో నాలుగు గంటలు ముందుకు జరిపి ఆ గదిలోకి తీసుకెళ్లు.

కొత్త ప్రతి కాగితానికి ఒక వైపే రాసి, ఎడమన బాగా అంచు వదిలి పంపు. నేను సంక్రాంతి దాకా ఊళ్లోనే ఉంటాను.

ఇట్లు,
బాబాయి