మంచి విత్తనం ఇస్తే చాలదా? చాలదు

అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థల పని మంచి విత్తనాలు తయారుచేయడమే కదా, నేల, నీరు, చెట్టుచేమల సంగతి కూడా వాళ్లే చూడాలనడం ఎందుకు, అది ప్రభుత్వ శాఖల పని కాదా అని మీరు అడిగారు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ డిగ్రీ చదువుతున్నానని, పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చూసి వచ్చాక ఈ అనుమానం కలిగిందని కూడా రాశారు. నేను శాస్త్రవేత్తను కాను. సంగారెడ్డి వైపు పల్లెల్లో, వాన నీటిని పడిన చోటే ఆపి నేలలో ఇంకించే ఒక వాటర్‌షెడ్ పథకంలో క్షేత్ర సహాయకురాలిగా పనిచేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. బావుల్లో నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాయడం నా ముఖ్యమైన పని. ఆ పని చేసిన మనిషిగా చెబుతున్నాను: విత్తనంతో ఆగిపోయే పరిశోధన సగం పరిశోధనే.

విత్తనాన్ని తక్కువ చేయడం లేదు. ఎండు తెగులుతో కంది చేలు నిలువునా ఎండిపోయే రోజుల్లో మారుతి, ఆశ రకాలు వచ్చి ఎన్ని కుటుంబాలను నిలబెట్టాయో మా వైపు పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. 1971లో ఈ అంతర్జాతీయ పరిశోధన సంస్థల కూటమి సీజీఐఏఆర్ ఏర్పడినప్పుడు ప్రపంచమంతా ఆకలి గురించే ఆలోచిస్తోంది. పొట్టి గోధుమ, పొట్టి వరి చేసిన మేలు కళ్లెదుటే ఉంది. మరుసటి ఏడాది ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని పంటలు. విత్తనాన్ని సంచిలో పోసుకుని ఏ దేశానికైనా తీసుకుపోవచ్చు. అంతర్జాతీయ సంస్థకు అది సులువైన సరుకు. నేలను అలా తీసుకుపోలేం, వాగును అసలే తీసుకుపోలేం. అందుకే ఆ పని వెనకబడింది తప్ప అవసరం లేక కాదు.

ఇప్పుడు నేను పనిచేసిన ఊరి సంగతి చెప్పాలి. ఊరి పేరు వద్దు. పైన ఎర్ర చెలకలు, కింద వాగు వెంబడి నల్లరేగడి. పథకం డబ్బుతో పై చెలకల్లో కందకాలు తవ్వారు, గట్లు వేశారు, గట్ల మీద పచ్చిరొట్టకు పనికొచ్చే గ్లిరిసిడియా చెట్లు నాటారు, వాగు మీద చెక్‌డ్యామ్ కట్టారు. నేను తెల్లవారకముందే బావుల దగ్గరికి పోయేదాన్ని. మోటారు ఒకసారి ఆడిందంటే మట్టం దిగిపోతుంది, ఆ తర్వాత కొలిచిన కొలతకు విలువ లేదు. టేపు చివర బరువు కట్టి బావిలోకి వదిలి, నీటిని తాకిన చప్పుడు కోసం చెవి పెట్టి వినాలి. రెండో వానకాలం ముగిసేసరికి చెక్‌డ్యామ్ చుట్టుపక్కల బావుల్లో నీళ్లు బాగా పైకి వచ్చాయి. అధికారులు సంతోషించారు, ఫొటోలు తీసుకున్నారు, ఊరి మొదట్లో బోర్డు పెట్టారు.

ఆ యాసంగిలోనే వాగు పక్కన కొత్త బోర్లు పడ్డాయి. ఎన్నడూ వరి వేయని మడుల్లో వరి నాట్లు వేశారు. మాఘమాసం వచ్చేసరికి నా పుస్తకంలో అంకెలు మళ్లీ కిందికి దిగడం మొదలుపెట్టాయి.

పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టారు. పథకం ఎంత బాగా నడిచిందో అధికారి చెబుతుండగా, పై చెలకల్లో రెండెకరాలున్న ఒక పెద్దమ్మ లేచింది. భర్త లేడు, కొడుకు హైదరాబాద్‌లో మేస్త్రీల దగ్గర కూలిపనిలో ఉన్నాడు. "నా చెలకలో కందకాలు తవ్వితే వద్దనలేదు సారూ. అంత భూమి పోయినా ఊరుకున్నాను. వాన నీళ్లు నా భూమిలో ఇంకి కింద వాళ్ల బావుల్లో తేలాయి. వాళ్లకు వరి పండింది. నా కంది పూత మీద ఎండిపోయింది. మరి నాకేమిటి?" అని అడిగింది. సభలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అధికారి, "నీకు ఈసారి కొత్త రకం కంది విత్తనం ఉచితంగా ఇప్పిస్తాం, పెద్దమ్మా" అన్నారు. ఆమె, "ఇప్పించండి సారూ, తీసుకుంటాను. మంచి విత్తనమే. కానీ నేను అడిగింది విత్తనం కాదు కదా" అంది.

మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు. ఆ రకం మంచిదే, తెగులు తట్టుకునేదే. కానీ కార్తీకంలో, పూత పిందె మీద ఒక్క తడి అందకపోతే ఏ రకమైనా ఏం చేస్తుంది? ఆ ఒక్క తడికి నీళ్లు ఆమె భూమిలోనే ఇంకుతున్నాయి, ఆమెకు మాత్రం అందడం లేదు. ఇంకిన నీరు ఎటు పోతుంది, రాతి పగుళ్లలో ఎంత నిలుస్తుంది, ఎన్ని బోర్లు పడితే ఎన్ని నెలల్లో ఖాళీ అవుతుంది, ఎవరి శ్రమకు ఎవరు ఫలితం అనుభవిస్తున్నారు, పంచుకోవడానికి ఊరు ఏ కట్టుబాటుకు ఒప్పుకుంటుంది? ఇవన్నీ పరిశోధన చేయవలసిన ప్రశ్నలు. విత్తన ప్రయోగం మడిలో వీటికి జవాబు దొరకదు. ప్రభుత్వ శాఖకు వదిలేస్తే చెక్‌డ్యామ్ కట్టి, బిల్లు చేసుకుని వెళ్లిపోతుంది.

ఆ సభ తర్వాత మెల్లగా మాటలు కుదిరాయి. కింద ఉన్న రైతుల్లో ఇద్దరు పై చెలకలకు పైపు వేసి కందికి ఒక తడి ఇస్తామన్నారు. అప్పుడే పథకం గడువు తీరింది. ఆఫీసు మూసేశారు, జీపు తీసుకుపోయారు, నీటి కొలతల పుస్తకాలు ఒక బీరువాలో పెట్టారు. ఆ పైపు ఒప్పందం ఎన్నేళ్లు నిలిచిందో రాసే మనిషి లేకుండా పోయింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గని విషయం ఇదే. నీళ్లు పైకి వచ్చిన రోజు పథకం ముగిసిపోతుంది, నిజానికి అసలు తగాదా మొదలయ్యేది ఆ రోజే.

ఓపిక ఉంటే ఎంత తెలుస్తుందో పటాన్‌చెరులోనే చూడవచ్చు. ఇక్రిశాట్‌లో నల్లరేగడి మీద 1976లో మొదలుపెట్టిన ఒక ప్రయోగం దశాబ్దాల పాటు నడిచింది. పాత పద్ధతిలో వానకాలమంతా భూమిని ఖాళీగా వదిలి యాసంగిలో జొన్నో శనగో వేస్తారు. కొత్త పద్ధతిలో వెడల్పాటి ఎత్తుమడులు చేసి, మధ్య కాలువలు తీసి, వానకాలంలోనే జొన్న, కంది కలిపి వేసి, తగినంత ఎరువు ఇస్తారు. పాత పద్ధతిలో హెక్టారుకు సగటున సుమారు 1 టన్ను గింజ వస్తే, కొత్త పద్ధతిలో సుమారు 5 టన్నులు వచ్చింది. మట్టి కొట్టుకుపోవడం తగ్గింది, నేలలో సేంద్రియ కర్బనం పెరిగింది. మరి రైతులంతా ఆ ఎత్తుమడులు ఎందుకు వేయలేదు? వాటిని చేసే చక్రాల పనిముట్టు ఖరీదు చిన్న రైతు మోయలేడు. మడులు వాలును బట్టి వేయాలి, మన పొలాల హద్దులు మాత్రం అన్నదమ్ముల పంపకాలను బట్టి పోతాయి. పరిశోధన పొలానికి పొరుగు రైతు ఉండడు, ఊళ్లో ప్రతి గట్టుకూ ఇద్దరు యజమానులు. నేలను, నీటిని పరిశోధనలో కలపడం అంటే మనుషులను కూడా కలపడమే అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఆ పాఠం అంతర్జాతీయ సంస్థల వాళ్లూ నేర్చుకున్నారు. 1990ల మొదట్లో చెట్లను, పంటలను కలిపి పెంచడంపై పరిశోధించే నైరోబీలోని అడవి-వ్యవసాయ కేంద్రాన్ని, కొలంబోలోని నీటి యాజమాన్య సంస్థను సీజీఐఏఆర్‌లో చేర్చుకున్నారు. 1999లో శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో ఆదర్శ వాటర్‌షెడ్ మొదలైంది. ఇక్రిశాట్ ఒక్కటే పోలేదు. సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా, ఉపగ్రహ చిత్రాలతో నేలను పరిశీలించే బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన సంస్థ, జిల్లా యంత్రాంగం, ఒక స్వచ్ఛంద సంస్థ, ఊరివాళ్లు కలిసి చేశారు. చెక్‌డ్యాములతో పాటు మహిళా సంఘాలు వానపాముల ఎరువు తయారుచేశాయి, శనగపచ్చ పురుగును చంపే వైరస్ ద్రావణం ఊళ్లోనే చేసుకున్నారు. బావుల్లో మట్టం పెరిగింది, పంటలు మారాయి. ఒక కొత్త రకాన్ని మాత్రమే పట్టుకుపోయి ఉంటే ఇంత జరిగేదా?

ఇంకో ఉదాహరణ నాకు ఇంతకంటే ఇష్టం. మహబూబ్‌నగర్, నల్గొండ, అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక పథకం నడిచింది. అందులో రైతులే వాన కొలిచారు, రైతులే బోర్ల మట్టం కొలిచారు, యాసంగి ముందు కూర్చుని ఉన్న నీళ్లెన్ని, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క వేసుకున్నారు. వరి తగ్గించమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. లెక్క చూసి చాలామంది తామే ఆరుతడి పంటలకు మారారు. చదువు లేని రైతుకు భూగర్భజలం అర్థం కాదనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. ఉచిత కరెంటు ఇచ్చే ప్రభుత్వాలు దానితో పాటు ప్రతి ఊరికీ ఒక నీటి లెక్కల పుస్తకం కూడా ఇచ్చి ఉంటే మా వైపు ఇన్ని బోర్లు ఎండేవి కావు.

పటాన్‌చెరు పేరు ఎత్తాక నక్కవాగు గురించి చెప్పకుండా ఉండలేను. ప్రపంచమంతటి మెట్ట నేలల కోసం పరిశోధన జరిగే చోటికి కూతవేటు దూరంలో, ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఆ వాగు పాడైపోయింది. దాని కింద పొలాలు, బావులు చెడిపోయాయి. రైతులు కోర్టులకు ఎక్కారు, 1990లో ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. సహజ వనరులు వేరు, వ్యవసాయ పరిశోధన వేరు అని ఆ వాగు కింద సాగుచేసిన రైతు ముందు నిలబడి ఎవరైనా అనగలరా?

సంస్థలు పాత అలవాటు వదలకపోవడానికి ఇంకో కారణం లెక్కలు. ఫలానా రకం ఇన్ని లక్షల ఎకరాల్లో వేశారు అంటే దాతలకు వెంటనే అర్థమవుతుంది. కొట్టుకుపోకుండా ఆగిన మట్టికి, తగాదా లేకుండా పంచుకున్న నీటికి అలాంటి అంకె దొరకదు. అంకె దొరకని పనికి డబ్బు రాదు, మూడేళ్లకో నాలుగేళ్లకో ముగిసిపోతుంది. చెక్‌డ్యామ్ కట్టాక కనీసం పదేళ్లు కొలిచే పనికి ముందే డబ్బు పక్కన పెట్టాలి. అలా పెట్టని పథకాన్ని ఏ సంస్థా ఒప్పుకోకూడదు.

మీరు పీజీలో చేరి అంశం ఎంచుకునేటప్పుడు, పథకం ముగిసి పదేళ్లు దాటిన ఒక వాటర్‌షెడ్ ఊరు తీసుకోండి. అప్పటి బావులనే మళ్లీ కొలవండి. హైదరాబాద్ నుంచి రోజూ పోయి రాగలిగేది కావాలంటే కొత్తపల్లి ఉంది. పోయినప్పుడు చెక్‌డ్యామ్ పక్కన ఉన్నవాళ్ల దగ్గరికి తర్వాత వెళ్లండి, ముందు పై చెలకల వాళ్లతో మాట్లాడండి. వాళ్లలో ఆడవాళ్లను తప్పకుండా అడగండి.