పెంపుడు నేస్తాలు: కోర్గీ మీద మనసైతే

(పాఠకుల ప్రశ్నలకు విజయనగరం నుంచి రిటైర్డ్ పశువైద్యురాలి జవాబులు. ఈసారి ఉత్తరాల్లో కోర్గీ గురించినవే ఎక్కువ వచ్చాయి.)

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల కూడలి దగ్గర మేడ మీద వాటాలో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. కోర్గీ కుక్కపిల్ల కావాలని ఏడాదిగా ఒకటే పట్టు. ఫోన్ తెరిస్తే వాటి వీడియోలే. లక్ష రూపాయల దాకా చెబుతున్నారట. "అంత పోసి పొట్టి కుక్కని కొనడమేంటి, వీధిలో బోలెడన్ని ఉన్నాయి" అంటారు మా వారు. అత్తగారికి మడీ ఆచారం ఎక్కువ. నాకు కుక్కలంటే భయం లేదు గానీ, ఈ కోర్గీలో ఏముందని జనం ఇంతలా పడిపోతున్నారో అర్థం కావడం లేదు. నిజంగా మంచి కుక్కేనా, ఫ్యాషనా? తెచ్చుకోమంటారా?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి నచ్చింది దాని మొహం. నక్క మొహం, నిక్కబొడుచుకున్న చెవులు, ఒంటికి తగని పొట్టి కాళ్లు, నడుస్తుంటే వెనక నుంచి అటూ ఇటూ ఊగే గుండ్రటి పిరుదులు. చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. నేను చూసిన కోర్గీ ఇళ్లన్నిట్లో కథ అక్కడే మొదలైంది, అందులో తప్పేం లేదు. కానీ ఇంటికొచ్చిన రెండు మూడు నెలలకు ఆ మొహం అలవాటైపోతుంది. ఇక మిగిలేది దాని గుణం. గుణం తెలిసి తెచ్చుకున్నవాళ్లు ప్రాణంగా చూసుకుంటున్నారు. తెలియక తెచ్చుకున్నవాళ్లలో కొందరు "ఎవరైనా పెంచుకునేవాళ్లుంటే చెప్పండి డాక్టరు గారూ" అని నాకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ వచ్చిన రోజు నాకు మనసు బాగుండదు.

కోర్గీ పశువుల కుక్క. బ్రిటన్‌లోని వేల్స్ రైతులు ఆవుల్ని తోలడానికి పెంచిన జాతి ఇది. వెనక నుంచి వెళ్లి మడమ దగ్గర చిన్నగా కొరుకుతుంది. ఆవు కాలు విసిరితే, ఎత్తు తక్కువ కాబట్టి ఆ తన్ను నెత్తి మీదుగా పోతుంది. అంటే మనకు ముద్దొచ్చే ఆ పొట్టి కాళ్లు పనిలో పనికొచ్చిన కాళ్లు. ఒకే ఒక్క జన్యువుకు అదనంగా ఒక నకలు ఉండటం వల్లే కోర్గీ, డాక్స్‌హండ్ లాంటి జాతులకు కాళ్లు పొట్టిగా ఉండిపోతాయని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. కాళ్లే పొట్టి, మొండెం మాత్రం దిట్టంగా ఉంటుంది. అందుకే దాని అరుపు వింటే పెద్ద కుక్కేమో అనుకుంటారు.

విజయనగరంలో అయ్యకోనేరు దగ్గర ఒక ఇంట్లో కోర్గీ ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు విదేశం వెళ్తూ అమ్మానాన్నల దగ్గర వదిలి వెళ్లాడు. తండ్రి రిటైరైన హెడ్మాస్టారు. తొలిసారి నా దగ్గరికి తెచ్చినప్పుడు "ఏటమ్మా ఇది, నక్కా కుక్కా? మావోడు దీన్ని మా నెత్తిన పెట్టి పోయాడు" అన్నారు. తర్వాత ఒకసారి టీకా వేయడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. సాయంత్రం వేళ, వీధిలో గేదెలు ఇళ్లకు పోతున్నాయి. కుక్క నా చేతిలోంచి జారి గేటు దగ్గరికి పోయి నిలబడింది. మొరగలేదు. తల భుజాల కన్నా కిందికి దించి, చెవులు ముందుకు పెట్టి, గేటు కమ్మీల సందులోంచి గేదెల కాళ్లనే చూస్తోంది. ఒక దూడ మంద వదిలి కాలవ వైపు మళ్లింది. అప్పుడు మొరిగింది, ఒకే ఒక్కసారి, ఆ దూడ వైపే. దూడ బెదిరి మందలో కలిసింది. పుట్టి పెరిగింది బెంగళూరు అపార్ట్‌మెంట్లో. గేదె అంటే ఏమిటో ఇక్కడికొచ్చాకే చూసింది. పని నేర్పినవాళ్లు ఎవరూ లేరు. మాస్టారు నా వంక చూసి "రోజూ ఇంతేనమ్మా. ఆఖరి గేదె మలుపు తిరిగేదాకా లోపలికి రాదు" అన్నారు. మనవరాలికి ఫస్ట్ ర్యాంకు వచ్చిందని చెప్పే గొంతు అది. మొహం చూసి కొన్నది కొడుకు, గుణం చూసి మనసిచ్చింది తండ్రి. ఇప్పుడు దాన్ని కోనేరు చుట్టూ తిప్పి తెచ్చాకే ఆయనకు కాఫీ.

ఫ్యాషనా అన్నారు. పేరు ప్రపంచమంతా పాకింది మాత్రం ఎలిజబెత్ రాణి వల్లే. 1933లో ఆవిడ తండ్రి డూకీ అనే కోర్గీని ఇంటికి తెచ్చారు. 1944లో ఆవిడ పద్దెనిమిదో పుట్టినరోజుకి సుసాన్ అనే పిల్లను ఇచ్చారు. ఆ తర్వాత ఆవిడ పెంచిన ముప్పైకి పైగా కోర్గీల్లో చాలా భాగం సుసాన్ సంతానమే. ఫ్యాషన్ కోసమైతే ఒకే వంశాన్ని తరాల తరబడి ఎవరూ సాకరు. 2022 సెప్టెంబరులో రాణి అంత్యక్రియల రోజు విండ్సర్ కోట దగ్గర రెండు కోర్గీలు ఎదురుచూస్తున్న దృశ్యం మీరూ టీవీలో చూసే ఉంటారు. అంత గారాబంగా పెరిగినా రాణి కోర్గీలు సిబ్బందిని కరిచిన సంగతులు పత్రికలకెక్కాయి. రాజుగారింట్లో ఉన్నా పశువుల కుక్క బుద్ధి పోదు.

ఇక మీ ఇంటి విషయం. మేడ మీద వాటా అన్నారు. పొడుగు వెన్ను, పొట్టి కాళ్లు ఉన్న కుక్కకి మెట్లు మంచివి కావు. వెన్నులో డిస్క్ జారే జబ్బు ఈ జాతికి ఎక్కువ. పిల్లగా ఉన్నప్పుడు ఎత్తుకుని దింపుతారు, పెద్దయితే పది నుంచి పదమూడు కిలోలుంటుంది. రోజూ రెండు పూటలా ఎవరు ఎత్తుకుంటారు? బరువు పెరిగితే వెన్ను మీద భారం ఇంకా పెరుగుతుంది. ఇది తిండిపోతు కుక్క. టిఫిన్ వేళ ఒకరు ఇడ్లీ ముక్క, భోజనాల దగ్గర ఇంకొకరు పెరుగన్నం పెడుతుంటే ఆరు నెలల్లో పీపాలా అవుతుంది. పక్కటెముకల మీద చెయ్యి వేసి తడిమితే ఎముకలు వేళ్లకి తగలాలి. తగలడం లేదంటే తిండి తగ్గించాలి. ఉల్లిపాయ వేసిన కూర, ద్రాక్ష, చాక్లెట్ అసలు పెట్టకూడదు, అవి కుక్కకి విషం.

అత్తగారి సంగతి తేలిగ్గా తీసుకోకండి. కోర్గీకి రెండు వరసల వెంట్రుకలు ఉంటాయి, ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటాయి. రోజూ దువ్వినా సరే దేవుడి గదిలోకీ వంటింట్లోకీ వస్తాయి. ఆవిడ సరేననకుండా తెస్తే రోజూ గొడవే, మధ్యలో నలిగేది ఆ మూగజీవి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీరు ఉత్తరంలో ఒక ముక్కలో రాసి వదిలేశారు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. వచ్చే ఏడు ఇంజినీరింగ్ అనో డిగ్రీ అనో విశాఖో హైదరాబాదో వెళ్లిపోతుంది. కోర్గీ పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది. అంటే ఈ కుక్క మీది. మీకు భయం లేదని రాశారు, ఇష్టమని రాయలేదు. అది తేలేదాకా కొనవద్దనే చెబుతాను. తెలిసినవాళ్లింట్లో పెద్ద కోర్గీ ఎక్కడైనా ఉంటే, పిల్ల కాదు, పెరిగిన కుక్క, మీరూ అమ్మాయీ వెళ్లి ఒక పూట దాంతో గడపండి. అది మొరగడం వినండి, ఇంటివాళ్ల వెనక గదిగదికీ తిరగడం చూడండి, సోఫా మీద వెంట్రుకలు చూడండి. అప్పుడు కూడా మీకే "ఇది మనింట్లో ఉంటే బాగుండు" అనిపిస్తే కింది వాటా చూసుకుని మరీ తెచ్చుకోండి, నేను సంతోషిస్తాను.

అప్పుడు కొనేటప్పుడు ఆన్‌లైన్‌లో ఫొటో చూసి డబ్బు పంపొద్దు. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించమనండి. చూపించనంటే వెనక్కి వచ్చేయండి. ఈ జాతిలో ముసలితనంలో వెనక కాళ్లు చచ్చుబడిపోయే జబ్బు ఒకటుంది, మందు లేదు. తల్లిదండ్రులకు దాని జన్యు పరీక్ష చేయించారా అని అడగండి. మీ వారి మాట కూడా తీసిపారేయకండి. వీధిలో పుట్టిన పిల్లకి మన ఎండ అలవాటే, టీకాలు వేయించి పెంచితే అదీ అంతే ప్రేమగా ఉంటుంది.

ప్రశ్న: మా కోర్గీకి పది నెలలు. ఆరేళ్ల మనవడు పరిగెడితే వెంటపడి మడమలు కొరుకుతోంది. కోపంతో కాదనిపిస్తోంది. కొట్టినా మానడం లేదు.
– ఒక తాతగారు, బొబ్బిలి

జవాబు: కోపం కాదు బాబూ, దానికి మీ మనవడు మంద వదిలిన దూడ. కొట్టకండి, కొడితే పిల్లాడంటేనే పడకుండా పోతుంది. వెంటపడగానే కదలకుండా నిలబడిపోమని పిల్లాడికి నేర్పండి. కదలని కాలు మీద దానికి ఆసక్తి ఉండదు. ఆగిన వెంటనే పేరు పెట్టి పిలిచి, వచ్చాక ఒక తిండి ముక్క ఇవ్వండి. పొద్దున, సాయంత్రం బాగా నడిపించండి. బంతి విసిరి తెప్పించండి. పని లేకపోతే ఈ కుక్క పని వెతుక్కుంటుంది. పిల్లాడినీ కుక్కనీ ఒంటరిగా వదలొద్దు. చర్మం గీసుకుపోతే మాత్రం, రక్తం రాకపోయినా, టీకాలు వేసిన కుక్కే అయినా, పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మే నెల ఉక్కకి మా కోర్గీ వెనక కాళ్లు చాపి పొట్ట నేలకి ఆనించి పడుకుంటోంది. జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది. వెంట్రుకలు పూర్తిగా తీయించేయమంటున్నారు, తీయించనా?
– పలాస నుంచి

జవాబు: వద్దమ్మా. ఆ రెండు వరసల వెంట్రుకలే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడతాయి. గొరిగిస్తే మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు కూడా. దువ్వి, ఊడిన వెంట్రుకలు తీసేస్తే చాలు. అలా పడుకోవడం ఈ జాతికి అలవాటే, చల్లటి గచ్చుకి పొట్ట ఆనిస్తే హాయి. లేచి మామూలుగా నడుస్తుంటే దిగులు లేదు. లేవడానికి ఇబ్బంది పడినా, కాళ్లు ఈడ్చినా డాక్టరుకి చూపించండి. వేసవిలో తెల్లారకముందే నడిపించండి. రోడ్డు మీద అరచేతి వెనక వైపు పెట్టి చూసుకోండి, మీరు ఓర్చుకోలేనిది దాని పాదాలూ ఓర్చుకోలేవు. విపరీతంగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బ. మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా ఉంచి ఆసుపత్రికి పరిగెత్తండి. వానలు మొదలయ్యాక పిడుదులు పడతాయి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ వెతకండి. తిండి మానేసి, జ్వరం వచ్చి, చిగుళ్లు పాలిపోతే రక్తపరీక్ష ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: పెంబ్రోక్ కోర్గీ అని అమ్మారు. ఫొటోల్లో తోక ఉండదు, మాదానికి గుబురు తోక ఉంది. మోసపోయామా?
– పార్వతీపురం నుంచి

జవాబు: తోక చూసి మోసమనలేం. కోర్గీల్లో రెండు జాతులు, పెంబ్రోక్, కార్డిగన్. 1934లో బ్రిటన్‌లో వీటిని వేర్వేరు జాతులుగా గుర్తించారు. కార్డిగన్‌కి పొడుగు తోక, కాస్త పెద్ద గుండ్రటి చెవులు ఉంటాయి. పెంబ్రోక్‌లో కొన్ని పుట్టుకతోనే మొండి తోకతో పుడతాయి. మిగతావాటికి పుట్టిన కొద్ది రోజుల్లోనే కత్తిరించేవారు, మీరు చూసిన ఫొటోలు అవే. ఇంగ్లండ్, వేల్స్‌లో అందం కోసం తోక కత్తిరించడం 2007 నుంచి నిషేధం. మీ పిల్లకి ఎవరూ కత్తి పెట్టనందుకు నాకు సంతోషంగా ఉంది. ఇప్పుడు కోయించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం ఉంటే అందులో జాతి పేరు చూసుకోండి. వర్షాకాలంలో తడిసి వచ్చినప్పుడు తోక మొదట్లో వెంట్రుకలు బాగా తుడిచి ఆరనివ్వండి. తడి నిలిస్తే అక్కడ పుండ్లు పడతాయి.