దేవదాసు, అమ్మమ్మ, గాలం కర్ర

బెంగాలీ నవలా రచయిత శరత్‌చంద్ర ప్రభావం తెలుగు నవలల మీద, సినిమాల మీద ఇంకా మిగిలి ఉందా అని అడిగారు. ఉంది. అందరూ వెతికే చోట మాత్రం లేదు.

మాది విజయవాడ సత్యనారాయణపురం. పదో తరగతి పరీక్షలయ్యాక లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణంలో అట్ట ఊడిన శరత్ సంపుటం ఒకటి కొన్నాను. ఒక్క రూపాయి తగ్గించమంటే దుకాణదారు ‘శరత్ బాబుకి బేరమా!’ అన్నట్టు చూశాడు. తీరా ఇంటికి తెచ్చి చూస్తే అందులోని ‘దేవదాసు’ నవల మధ్యలో కొన్ని పేజీలు లేవు.

అమ్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. “ఎక్కడ ఆగింది?” అని అడిగింది. పార్వతి బిందెతో రేవుకి వచ్చిందన్నాను. మిగతాది చూడకుండా చెప్పేసింది. మాటకు మాట పెరగడం, దేవదాసు గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొట్టడం, నెత్తురు కారడం. అక్కడ చెయ్యి ఆపి, “కొట్టినవాడి కోసం ఊరంతా ఏడ్చాం కదరా, ఆ పిల్ల నుదుటి మచ్చ గురించి ఒక్కరైనా మాట్లాడారా?” అంది. 1953లో సినిమా వచ్చినప్పుడు తనూ ఏడ్చిందట. అదేమని అడిగితే, “ఎదురుగా నాగేశ్వరరావు ఉంటే ఏం చెయ్యను?” అంది.

శరత్ బెంగాలీవాడంటే ఆవిడ చివరిదాకా నమ్మలేదు. బందరు వైపు మనిషే అనుకునేది. తోడికోడళ్ల మనసులో మాట అంత తెలిసినవాడు పరాయివాడెలా అవుతాడని ఆవిడ వాదన. తెనాలి చక్రపాణి గారి వంటివాళ్లు తెలుగు చేసిన తీరు అలాంటిది మరి.

నా జవాబు కూడా ఆ వాదనలోనే ఉంది. 1917లో పుస్తకంగా వచ్చిన ఆ నవల చివర శరత్ దేవదాసుని నిగ్రహం లేని దౌర్భాగ్యుడు, పాపి అనే అన్నాడు. అలాంటివాడు తారసపడితే వాడి కోసం కాస్త ప్రార్థించమన్నాడు. మన సినిమావాళ్లు ప్రార్థన వదిలేసి సీసా పట్టుకున్నారు. నాటి నుంచి ప్రేమ దక్కని ప్రతి కథానాయకుడికీ గడ్డం పెరగాల్సిందే. అమ్మాయి ఏమైందో ఎవరికీ పట్టదు. దీన్ని ప్రభావమంటే నేను ఒప్పుకోను, వేషం అరువు తెచ్చుకోవడమంటాను.

అసలు శరత్ వంటింట్లో ఉన్నాడు. ‘నిష్కృతి’ 1957లో ‘తోడికోడళ్ళు’ అయింది, ‘బడదీది’ 1961లో ‘బాటసారి’ అయింది. అవి పేరు చెప్పి తెచ్చుకున్నవి. పేరు చెప్పకుండా తెచ్చుకున్నవి ఎన్నో! తక్కువ మాట్లాడి ఇల్లంతా మోసే పెద్దకోడలు, ప్రేమకీ అభిమానానికీ మధ్య నలిగి చివరికి అభిమానం వైపే నిలబడే నాయిక మన నవలల్లో ఎక్కడ కనిపించినా నాకు శరతే గుర్తొస్తాడు. మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ మోగే సీరియళ్లలోనూ ఆ పెద్దకోడలే. కాకపోతే ఆయన ఒక్క చూపుతో తేల్చిన గొడవని వీళ్లు ఆరు నెలలు సాగదీస్తారు.

ఆ సంపుటం ఇంకా నా దగ్గరే ఉంది. పేజీలు పోయిన చోట అమ్మమ్మ చెప్పింది తెల్లకాగితాల మీద రాసి కుట్టించాను. అందులో దెబ్బ తిన్న పార్వతి, చేతిలోని బిందెతో దేవదాసు నెత్తిన ఒకటి ఇచ్చి మరీ ఇంటికి వెళ్తుంది. శరత్ ఆ ముక్క రాయలేదని, చాలా ఏళ్లకు మరో ప్రతి దొరికాకే తెలిసింది.