కొత్త ఇంజన్‌కు మొదటి నెల స్క్రూడ్రైవర్ తగలనీయొద్దు

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

అల్లుడా, నీ జాబు అందింది. ఈమధ్యే విడుదలైన హెచ్‌ఓ స్కేల్ మికాడో ఆవిరి ఇంజన్ నమూనా (మోడల్ రైలుది) తెప్పించి, పాకాల లైన్‌లో తిరిగిన మీటర్ గేజ్ వైజీ ఇంజన్‌లాగా మార్చాలని రాశావు. మంచి పని పెట్టుకున్నావు. ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఇంజన్ ఇంటికొచ్చాక నెల రోజులు దాని స్క్రూ ఒక్కటి కూడా విప్పొద్దు. విప్పితే వారంటీ పోతుంది, అది ఒక సంగతి. అంతకన్నా పెద్ద సంగతి ఏమిటంటే, విప్పకముందు దాని నడక, దాని చప్పుడు నీకు తెలియకపోతే, తర్వాత వచ్చే లోపం ఫ్యాక్టరీదో నీ చేతిదో తేల్చుకోలేవు. నెల తర్వాత కూడా వరస తప్పొద్దు. మొదట చక్రాలూ, వాటిని తిప్పే కడ్డీల పని, ఆ తర్వాత కరెంటు పని, రంగూ రూపం అన్నిటికన్నా చివర. రంగు మొదట వేసినవాడు చక్రం కోసం మళ్లీ బాడీ విప్పి ఆ రంగంతా వేళ్లకు అంటించుకుంటాడు.

కొలతల విషయం ముందే తేల్చుకో. హెచ్‌ఓ అంటే 1:87, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ లెక్క. మన మీటర్ గేజ్‌ను అదే స్కేల్‌లోకి దించితే 11.5 రావాలి, బ్రాడ్ గేజ్ అయితే 19 దాటుతుంది. కాబట్టి నువ్వేం చేసినా టేప్ పెట్టి కొలిస్తే అది వైజీ కాదు. చూడగానే వైజీ గుర్తొచ్చేలా చేయడం వరకే మన చేతిలో ఉంది. ఆ లెక్కన నీ ఎంపిక సరైనదే. వైజీ కూడా మికాడోనే, ముందు 2, నడుమ 8, వెనక 2 చక్రాలు. పైగా మీటర్ గేజ్ బండికి పెట్టెలను తగిలించే కప్లింగ్ నడుమన ఒక్కటే, అమెరికా మికాడోకూ అంతే. అదే బ్రాడ్ గేజ్ డబ్ల్యూజీ చేయాలనుకుని ఉంటే రెండు పక్కలా బఫర్లు (పెట్టెలు గుద్దుకోకుండా ఆపే గుండ్రటి పళ్లేలు) కొత్తగా అతికించాలి, మలుపులో అవి పెట్టెల బఫర్లతో చిక్కుకుంటాయి.

ఇక కొనడం. కొత్త మోడల్ మొదటి విడతలో అచ్చులూ కొత్తవే, బిగించే చేతులకూ ఆ బండి కొత్తదే. చక్రాల మధ్య దూరం తేడా రావడం, టెండర్ (ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి) వైరు నలిగిపోవడం, ముందరి చిన్న చక్రాల స్ప్రింగ్ బిగుసుగా ఉండడం లాంటివి మొదటి పెట్టెల్లోనే ఎక్కువ. మూడు నాలుగు నెలలు ఆగితే ఆ మోడల్‌లో ఏది చెడుతుందో నలుగురికీ తెలుస్తుంది. ఒక్క విడతే చేస్తారని తెలిస్తే తప్ప, నన్నడిగితే ఆగు.

విదేశం నుంచి నేరుగా తెప్పిస్తే కస్టమ్స్‌లో బొమ్మల కింద లెక్కేసే అవకాశం ఎక్కువ. బొమ్మల మీద మూల సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. జీఎస్టీ వేరే. ఇదంతా వస్తువు ధరకు రవాణా ఖర్చు కూడా కలిపి వేస్తారు. అందుకని చేతికందేసరికి అమ్మేవాడు చెప్పిన ధరకు రెట్టింపు అవుతుందనుకునే డబ్బు దాచుకో. 2021 నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి, అది లేకపోతే పార్శిల్ ఆగొచ్చు. పెట్టె మీద 14 ఏళ్లు పైబడినవారికి అని ముద్రించి ఉందో లేదో డబ్బు కట్టకముందే అడుగు. బిల్లులో విలువ తగ్గించి రాయమని మాత్రం అడగొద్దు. దారిలో పగిలితే బీమా కూడా ఆ తగ్గించిన విలువకే వస్తుంది.

ఇంకో రెండు సంగతులు. అమెరికా సెట్‌తో వచ్చే పవర్ ప్యాక్ 120 వోల్టులది. మన 230లో పెట్టిన క్షణమే మాడిపోతుంది. ఇంజన్ విడిగా కొని, ఇక్కడే 12 వోల్టుల డీసీ కంట్రోలర్ చూసుకో. రెండోది మలుపు. ఎనిమిది పెద్ద చక్రాల బండి 18 అంగుళాల వ్యాసార్థంలో తిరుగుతుందని పెట్టె మీద రాసినా 22 అంగుళాలు ఇవ్వు. 8 అడుగులకు 4 అడుగుల ప్లైవుడ్ షీట్ మీద 22 అంగుళాల మలుపు రెండు వైపులా రెండేసి అంగుళాలు వదిలి సరిగ్గా పడుతుంది.

పెట్టె విప్పేటప్పుడు సీలు దగ్గర్నుంచి ఇంజన్ బయటికి వచ్చేదాకా ఆపకుండా వీడియో తీయి. కింద తెల్ల పంచె పరుచుకో, రాలిన చిన్న ముక్క దాని మీద కనబడుతుంది. థర్మోకోల్ గుంతల్లో కూడా వెతుకు. విడిగా చిన్న సంచిలో గొట్టాలు, మెట్లు ఇస్తారు, అవి ఇప్పుడే పెట్టొద్దు. సిలిండర్ కింది డ్రెయిన్ గొట్టాలు పెడితే మలుపులో ముందరి చిన్న చక్రాలకు తగిలి బండి పట్టా దిగుతుంది.

డిజిటల్ కాలిపర్‌తో ప్రతి జత చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలువు. 14.4 నుంచి 14.5 మిల్లీమీటర్లు ఉండాలి. 14.2 ఉంటే పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) దగ్గర ఎక్కి దిగుతుంది. పెద్ద చక్రాల్లో ఈ తేడా కనిపిస్తే నువ్వు తిప్పి సరిచేయబోకు, తిప్పి పంపెయ్. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఉండే పావు చుట్టు తేడా ఒక్క డిగ్రీ చెదిరినా కడ్డీలు బిగుసుకుంటాయి.

తర్వాత అలవాటు పరుగు. బోగీలు తగిలించకుండా సగం వేగంలో ముందుకు అరగంట, వెనక్కి అరగంట. ఇంజన్‌ను ఎత్తి తిప్పి పెట్టి మళ్లీ ముందుకు అరగంట, వెనక్కి అరగంట. అలా తిప్పితే మలుపు రాపిడి రెండు పక్కలా సమానంగా పడుతుంది. ప్రతి అరగంటకూ ఆపి బాయిలర్ మీద వేలు పెట్టు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చురుక్కుమంటే ఆ రోజుకు చాలు. కొత్త మోడళ్లు చాలావాటిలో కోర్‌లెస్ మోటారు (లోపల ఇనుప గుండె లేని తేలిక రకం) ఉంటుంది. పాత రకం ఫీడ్‌బ్యాక్ కంట్రోలర్ల కరెంటు దాన్ని వేడెక్కించి కాల్చేస్తుంది, సాదా డీసీ వాడు.

ఈ పరుగులో చెవి దగ్గర పెట్టుకో. వేగం బాగా తగ్గించి, కడ్డీ పూర్తిగా కిందికి దిగినప్పటి నుంచి మళ్లీ కిందికి వచ్చేదాకా చూడు. ప్రతి చుట్టులో ఒకేచోట బండి క్షణం తటపటాయించి దూకితే ఆ చోట కడ్డీ పట్టేస్తోందని అర్థం. కడ్డీని చక్రానికి పట్టి ఉంచే క్రాంక్ పిన్ ఎక్కువ బిగించి ఉండొచ్చు, లేదంటే చక్రం కోణం తప్పి ఉండొచ్చు. చుట్టుతో సంబంధం లేకుండా సన్నగా ఈల వేసినట్టు వస్తే అది మోటారు పక్క వర్మ్ గేరుది (మరలాంటి పళ్ల గేరు). పట్టాల మీద ఒకేచోట ఆగితే తప్పు బండిది కాదు, ఆ అతుకుది.

నెల గడిచింది, బండి బాగుంది అనుకుందాం. ఇప్పుడు విప్పు. గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే సన్న ట్వీజర్, పీహెచ్‌0, పీహెచ్‌00 స్క్రూడ్రైవర్ బిట్లు గాంధీ రోడ్డు వైపు దొరుకుతాయి. అట్టముక్క మీద ఇంజన్ అడుగుభాగం బొమ్మ గీసి, తీసిన స్క్రూ తీసిన చోటే గుచ్చు, పొడుగు స్క్రూ పొట్టి దానిచోట పెడితే బాయిలర్ లోపలికి పొడుచుకుపోతుంది. బాడీకీ చాసీకీ మధ్య వంతెనలాగా ఉన్న సన్న గొట్టాలను ముందు చాసీ వైపు నుంచి వదులు చేయి. స్క్రూలన్నీ వచ్చినా బాడీ రాకపోతే క్యాబ్ కింద కొక్కెం ఉందన్నమాట, లాగొద్దు, పాత ఏటీఎం కార్డు అంచు దూర్చి వదులు చేయి. ఇంజన్‌కూ టెండర్‌కూ మధ్య ప్లగ్గును వైర్లు పట్టుకుని పీకడం మహా పాపం. ట్వీజర్‌తో ప్లగ్గునే పట్టుకో.

నూనె సంగతి చాలామంది చెడగొట్టుకునేది. ప్లాస్టిక్‌కు పడే సన్నని సింథటిక్ నూనె తీసుకో. ఇన్సులిన్ సిరంజితో ఒక చుక్క వేసినా ఎక్కువే. ఆ చుక్కను గాజు మీద వేసి, గుండుసూది మొన ముంచి, ఆ మొనను ఇరుసుకు తాకిస్తే చాలు. గేరుకు ఆవగింజంత గ్రీజు. కొబ్బరినూనె జోలికి పోవద్దు, 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది, మన మార్గశిర చలికి బండి పొద్దున కదలదు. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వద్దు. ఎక్కువైన నూనె చక్రం అంచుకు పాకి, దుమ్ము పట్టి, నల్లటి జిగురై కరెంటు ఆపేస్తుంది. చక్రాలు తుడవాలంటే టిష్యూ కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పట్టాల మీద పరుచు. సగం చక్రాలు కాగితం మీద, సగం పట్టా మీద ఉండేలా బండిని చేత్తో పట్టుకుని తిప్పు. థిన్నర్, పెట్రోల్ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి.

కరెంటు పనిలో మల్టీమీటర్‌తో మొదలుపెట్టు. ప్రతి చక్రం నుంచి డీకోడర్ (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆజ్ఞలు అందుకుని బండిని నడిపే చిన్న సర్క్యూట్) సాకెట్ పిన్ దాకా నిరోధం ఒకటి రెండు ఓమ్‌లకు మించకూడదు. టెండర్ చక్రాలు కరెంటు తీసుకోకపోతే 0.3 మిల్లీమీటర్ల ఫాస్ఫర్ బ్రాంజ్ తీగతో పికప్‌లు (చక్రానికి ఆని కరెంటు తీసుకునే తీగలు) పెట్టు. గట్టిగా నొక్కితే మాత్రం చక్రం తిరగకుండా ఈడుస్తుంది, పలక వాల్చి పెడితే టెండర్ దానంతట అది జారిపోవాలి.

డీకోడర్‌కు ఏ సాకెట్ ఉందో చూసే కొను. 8 పిన్‌ల రకం, 21 పిన్‌ల రకం, నెక్స్ట్18 ఒకదాంట్లో ఒకటి పట్టవు. 8 పిన్‌లదైతే నారింజ వైరు ఒకటో పిన్‌కు. తిరగేసి పెట్టినా బండి నడుస్తుంది కానీ దీపాలు వెలగవు, అదే గుర్తు. మొదటిసారి ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ అమరికలు మార్చే విడి పట్టా) మీదే పెట్టి అడ్రస్, అంటే ఆ బండి నంబరు, చదువు. కొత్త డీకోడర్ 3 అని చెప్పాలి. అక్కడ కరెంటు పరిమితం కాబట్టి వైరు తప్పు పడినా కాలదు.

మన దుమ్ములో పట్టా ఎంత తుడిచినా బండి తడబడుతుంది, అందుకని స్టే అలైవ్ (కరెంటు తెగిన క్షణంలో బండిని నడిపే కెపాసిటర్ల గుత్తి) పెట్టడం మంచిది. ఇక్కడే జాగ్రత్త. 2.7 వోల్టుల సూపర్ కెపాసిటర్లు ఐదు వరసగా పెడితే 13.5 వోల్టులే తట్టుకుంటాయి, డీసీసీ (డిజిటల్ ఆజ్ఞలతో నడిపే పద్ధతి) పట్టాల నుంచి వచ్చేది అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, ఉబ్బి పగులుతాయి. ఆరు పెట్టు, 16.2 వస్తుంది. నింపేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగకుండా 100 ఓమ్‌ల రెసిస్టర్, దానికి సమాంతరంగా బయటికి వదలడానికి 1ఎన్4007 డయోడ్. ప్లస్ నీలం వైరుకు, మైనస్ డీకోడర్ గ్రౌండ్‌కు. మధ్యలో చిన్న ప్లగ్గు పెట్టుకో, ప్రోగ్రామింగ్ చేసేటప్పుడు విడదీయకపోతే డీకోడర్ చదవడంలో తప్పులొస్తాయి. చిన్న అడ్రస్ అయితే సీవీ 29లో (డీకోడర్‌లో అమరికలు దాచే గడుల్లో 29వది) 2 రాయి, 6 ఉంటే డీసీ మీద కూడా పరుగెత్తుతుంది, అది వద్దు.

శబ్దానికి మొబైల్ రిపేరు షాపులో పాత ఫోన్ స్పీకర్, డబ్బాతో సహా ఉన్నది, బాగా పనిచేస్తుంది. మీటర్‌లో 7 ఓమ్‌ల దగ్గర చూపిస్తే అది 8 ఓమ్‌లది. డబ్బాకు గాలి పోయే సందు ఉంటే బొంగురు పోతుంది. రెండు సిలిండర్ల ఇంజన్‌కు చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఛుక్‌లు రావాలి. చక్రం మీద సుద్ద చుక్క పెట్టి లెక్కపెట్టు, ఐదో మూడో వస్తుంటే డీకోడర్‌లో సరిదిద్దు. దీపానికి ఎల్ఈడీ పెడితే 1000 ఓమ్‌ల రెసిస్టర్ మరిచిపోవద్దు.

లాగే బలం చాలకపోతే బరువు పెంచొచ్చు. టైర్ షాపులో చక్రాల బ్యాలెన్సింగ్‌కు అతికించే 5 గ్రాముల బిళ్లలు నాలుగు నుంచి ఎనిమిది చాలు, నడిమి చక్రాల మీద సమతూకంగా. సీసం గుళ్లయితే ఫెవికాల్‌తో అతికించొద్దు, సీసం మెల్లగా దానితో చర్య జరిపి ఉబ్బి బాడీని చీలుస్తుంది. ఎరాల్డైట్ వాడు. బరువు పెట్టాక బండిని గోడకు ఆనించి పూర్తి వోల్టు ఇవ్వు. చక్రాలు జారి తిరగాలి. తిరగకుండా నిలిచిపోతే బరువెక్కువైంది, వెంటనే ఆపి తగ్గించు.

రూపానికి వస్తే, బాయిలర్ మీది గంట తీసెయ్, మన ఇంజన్లకు గంట లేదు. దాన్ని డబ్బాలో దాచి, రంధ్రం పుట్టీతో పూడ్చు. అక్షరాలు రాయకముందు ఏ సంవత్సరమో నిర్ణయించుకో. పాకాల లైన్ ఉన్న గుంతకల్లు డివిజన్ 1977లో సదరన్ రైల్వే నుంచి సౌత్ సెంట్రల్ రైల్వేకు మారింది, టెండర్ మీద రాత దాన్నిబట్టే. పాత నంబరు చెరపడానికి ఆల్కహాల్‌లో ముంచిన టూత్‌పిక్‌తో మెల్లగా రుద్దు, ముందు కనిపించని అడుగున పరీక్షించి. మ్యాట్ వార్నిష్ కార్తీకంలో వానలు పట్టినప్పుడు కొట్టావంటే తేమకు తెల్లగా పాలిపోతుంది, సంక్రాంతి దాటాక పొడి పొద్దున చేయి. మాసినట్టు చూపించడానికి ఇంటి ముందర ఎర్రమట్టి చల్లాలనిపిస్తుంది, వద్దు. అందులో ఇసుక గేర్లను తింటుంది, ఇనుప రజను మోటారు అయస్కాంతానికి అంటుకుంటుంది. సుద్ద రంగుల పొడి మెత్తని కుంచెతో చాలు.

మిద్దె గదిలో రేకుల కింద బండిని ఎండాకాలం ఉంచొద్దు.

అలవాటు పరుగు నాలుగు అరగంటలూ అయ్యాక, మల్టీమీటర్‌ను 10 ఆంపియర్లలో పెట్టి పట్టాలకు కరెంటు ఇచ్చే ఒక ఫీడ్ వైరుకు వరసలో కలిపి, 12 వోల్టుల మీద బాయిలర్‌ను బొటనవేలితో నొక్కి చక్రాలు ఒక్క క్షణం ఆపు. మీటర్ ఎంత చూపించిందో నాకు రాయి. 1 ఆంపియర్ లోపుంటే చిన్న డీకోడర్ సరిపోతుంది, మించితే వేరేది చూడాలి. ఆ అంకె నాకు అందేదాకా డీకోడర్ ఆర్డర్ పెట్టొద్దు.

ఇట్లు,
మీ మామ